ఆస్పరి ఒరయ్య మరణ ధ్రువీకరణ

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. వత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయాలంటే ఒక వాయి బన్నులు కాలి చల్లారేంత సేపు పడుతుంది. తప్పులుంటే దిద్దుకొని చదవండి. జరిగినదాన్ని మాత్రం దిద్దకండి, అది ఉన్నదున్నట్టే రాశాను.

మాది నల్లమెట్ట. ఊరి చివర పాత పశువుల ఆసుపత్రి గదుల్లో మా మహిళా సంఘం బేకరీ నడుస్తుంది. మేం ఆరుగురం. అధ్యక్షురాలు షేక్ మస్తాన్‌బీ వయసులో నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. రోజూ సాయంత్రం ఆడపిల్లల హాస్టలుకు బన్నులు పంపుతాం. ఆ బన్నుల మీదే మా పొట్టలు నిండుతున్నాయి. మిగతావాళ్ళకు ఇళ్ళైనా ఉన్నాయి. నేను ఉండేది బేకరీ వెనక గదిలోనే. పొయ్యి ఆరితే గది కూడా పోతుంది.

బన్ను మర్నాటికి కూడా మెత్తగా ఉండటానికి మైదాలో చిటికెడు పొడి కలుపుతాం. మేం దాన్ని మెత్తపొడి అంటాం, ప్యాకెట్టు మీద ఎంజైము అని ఉంటుంది. ఆ కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి ఒకసారి మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒక రకం బూజు ఉంటుందట. దాని లోపలికి వేరే జీవి జన్యువు ఒకటి చేరుస్తారట. పెద్ద తొట్టెలో నీళ్ళుపోసి మేపితే ఆ బూజు ఈ ఎంజైమును తయారుచేస్తుంది. పనైపోయాక బూజును వేడిపెట్టి చంపి, వడగట్టి, పారేస్తారు. మిగిలిన నీళ్ళను ఎండబెడితే వచ్చేదే మా పొడి.

"పని చేయించుకొని బయటికి గెంటారన్నమాట. మా అత్తగారింట్లో నాక్కూడా అట్నే అయింది" అంది మస్తాన్‌బీ.

ఇదంతా జరిగిన ఏడాది ప్రభుత్వంవారికి ఈ బూజుల మీద శ్రద్ధ పుట్టింది. జన్యుమార్పిడి సూక్ష్మజీవుల ద్వారా తయారైన ఆహార ఎంజైముల భద్రతా మదింపు విభాగం అని ఒకటి పెట్టారు. ఆ పేరు జీపు ముందు బోర్డు మీద సరిపోక మిగతా సగం వెనక అద్దం మీద రాయించారు. కాబట్టి జీపు మనల్ని దాటిపోయాకగాని అది ఏ ఆఫీసుదో తెలియదు. ఆ జీపులోంచి ఒకనాడు పరాంకుశం గారు దిగారు. ఆయన మా జిల్లాకు భద్రతాధికారి.

మనిషి మర్యాదస్తుడు. ఎవరినీ ఏకవచనంలో పిలవడు, బూజును కూడా. మా పొడి గురించి పట్నంలో పెద్ద శాస్త్రవేత్తలు చేసిన మదింపును ఆయనే మాకు చదివి వినిపించారు. ఎలుకలకు పెట్టి చూశారు, వాటికేమీ కాలేదు. దద్దుర్లూ దురదలూ తెప్పించే వస్తువులతో పోల్చి చూశారు, పోలిక రాలేదు. రొట్టె అందరికంటే ఎక్కువ తినే మనిషి రోజుకు ఎంత పొడి మింగుతాడో లెక్కగట్టారు, దానికి ఎన్నో రెట్లు మింగినా భయం లేదని తేల్చారు. మేం సంతోషించాం. హానికరమా కాదా అన్నది తన పరిధిలోకి రాదని ఆయన చెప్పారు. తన పరిధిలో ఉన్నది నిబంధన ఒక్కటే. తుది ఉత్పత్తిలో సదరు ఉత్పాదక సూక్ష్మజీవి ఉండరాదు.

ప్రయోగశాల కాగితంలో ఆ సంగతీ ఉంది. పొడిని వెతికి చూశాం, బూజు కనబడలేదు అని రాశారు. పరాంకుశం గారు ఆ ముక్క దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఉండగూడదనే గదండీ రూలు. లేదనే గదా రాశారు" అంది మస్తాన్‌బీ.

"లేదని రాయలేదమ్మా. కనబడలేదని రాశారు. కనబడనివారు ఎక్కడో ఒకచోట ఉన్నట్లే భావించవలెను. అది ప్రభుత్వ దృక్పథం."

ఆ దృక్పథం నాకు పాత పరిచయమే. మా ఆయన కొండయ్య రాళ్ళు కొట్టేవాడు. పక్క జిల్లాలో ఒక క్వారీకి పనికి వెళ్ళాడు. గట్టు కూలింది. కింద ఎవరూ లేరని గుత్తేదారు అన్నాడు. ఆ పేరుగలవాడు తన పనిలోనే లేడన్నాడు. ఆ రాళ్ళు ఎవరూ తియ్యలేదు. పోలీసులు కనబడుటలేదు అని రాసుకున్నారు. మనిషి కనబడకపోతే ఏడేళ్ళు ఆగాలన్నారు. ఆగాను. ఇక కోర్టుకు పోవాలన్నారు. కోర్టు మెట్ల దాకా పోయి, లోపల ఎవరిని ఏమడగాలో తెలియక తిరిగొచ్చాను. నేను బొట్టు తీసేసి ముప్పై ఏళ్ళు కావస్తోంది. ప్రభుత్వం లెక్కలో మాత్రం కొండయ్య ఎక్కడో ఉన్నాడు.

పరాంకుశం గారు బూజుకూ అవే రెండు దారులు చూపించారు. పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఏడేళ్ళు ఆగడం ఒకటి. ఆగలేకపోతే మరణ ధ్రువీకరణ పత్రం తేవడం ఇంకొకటి. అంతవరకూ పొయ్యికి సీలు.

సీలు వెయ్యబోతే లక్క కరిగి కారిపోయింది. అప్పుడే వాయి దించాం, పొయ్యి ఇంకా వేడిగా ఉంది. చల్లారేదాకా కూర్చోవాల్సి వచ్చింది. ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని టీ, బన్నులు పెట్టాం. ఆయన ఒకటి తిని, ఇంకొకటి తిని, ఇవి నిషేధానికి ముందు కాల్చినవి గనుక అభ్యంతరం లేదని చెప్పి మూడోది తీసుకున్నారు. తరవాత పొయ్యి తలుపు ముట్టి చూసి, సీలు వేసి వెళ్ళారు. ఆ సాయంత్రం హాస్టలు పిల్లలకు మరమరాలు పెట్టారట.

కంపెనీవారు వెంటనే లేఖ పంపారు. బూజును తామే చంపామని, ఫలానా రాష్ట్రంలో, ఫలానా తొట్టెలో చంపామని ఒప్పుకున్నారు. ఎందరిని చంపారని పరాంకుశం గారు అడిగించారు. కోట్ల కోట్లు అన్నారు. అన్ని పత్రాలు రాసేంత కాగితం జిల్లాలో లేదు. ఆయన రెండు రోజులు ఆలోచించి దయచూపారు. అందరూ ఒకే మూలం నుంచి పుట్టిన ఒకే పోలిక సంతానం కాబట్టి, కుటుంబ పెద్ద పేరున ఒక్క పత్రం చాలునన్నారు.

ఆ రాష్ట్రంలో అడిగితే, మృతుడికి మా దగ్గర ఇల్లూ వాకిలీ లేవు, పత్రం ఇవ్వం అన్నారు. మృతుడి నివాసం ఎక్కడ? దీనికీ పరాంకుశం గారే తర్కం చెప్పారు. మృతుడు ఉండే అవకాశం ఉన్న చివరి చోటు పొడి ప్యాకెట్టు. ప్యాకెట్టు ఉన్నది మా అలమరలో. కాబట్టి ఆయన నల్లమెట్ట నివాసి.

మా గ్రామ సచివాలయంలో కంప్యూటరు ముందు కూర్చునేది ఝాన్సీ. మంచిపిల్ల. విసుక్కోదు. పేరేమిటని అడిగింది. ప్యాకెట్టు మీద చూసి ఆస్పర్జిల్లస్ ఒరైజే అని చెప్పాం. రెండు మాటలున్నాయి గనుక మొదటిది ఇంటిపేరు, రెండోది పేరు అని కొట్టింది. ఇంటిపేరు గడిలో అన్ని అక్షరాలు పట్టలేదు, ఆస్పరి దగ్గర ఆగిపోయింది. ఒరైజే అంటే ఆడో మగో తెలియడం లేదని కంప్యూటరు తిప్పికొట్టింది. ఒరయ్య అని కొడితే తీసుకుంది.

తండ్రి పేరు దగ్గర పని ఆగింది. ఒరయ్య లోపల వేరే జీవి జన్యువు ఉంది కదా, ఎవరిని తండ్రి అనాలి? పరాంకుశం గారిని పిలిపించారు. బయటి సంతానాన్ని ఇంట్లోకి తీసుకున్నారు గనుక ఇది దత్తత అని ఆయన తేల్చారు. దత్తత సక్రమమేనా అన్నది ప్రశ్న. కంపెనీ అమ్మాయికి ఫోను కలిపి, ఆ కార్యం అగ్నిసాక్షిగా జరిగిందా అని అడిగారు. ఆ అమ్మాయి, ప్రయోగశాలలో గాలిలోని క్రిములు పడకుండా ఇలాంటి పనులన్నీ ఒక మంట పక్కనే చేస్తామని చెప్పింది. అగ్ని ఉన్నది, సాక్షులు ఉన్నారు, దత్తత చెల్లునని ఆయన సంతకం చేశారు.

ఇక కార్డు. ఒరయ్యను ఎవరో ఒకరి రేషన్ కార్డులో చేర్చకపోతే కంప్యూటరు ముందుకు పోదు. కార్డు లేనివాడు పుట్టవచ్చునేమోగాని చావడానికి వీల్లేదు. మస్తాన్‌బీ కార్డులో మొగుడు, ముగ్గురు కొడుకులు నిండా ఉన్నారు. మిగతావాళ్ళవీ అంతే. ఒంటికాయ కార్డు నాదొక్కటే. పల్లపు ఆదెమ్మ, అంతటితో సరి.

కార్డు నాది గనుక నాకు ఒరయ్య ఏమవుతాడు? ఝాన్సీ కొడుకు అని కొట్టింది. కొడుకు తల్లికంటే పెద్దవాడు కాకూడదంది కంప్యూటరు. ఆ బూజు వంశాన్ని నేను పుట్టకముందు నుంచే ఎక్కడో సీసాల్లో కాపాడుతున్నారట. తండ్రి అని కొట్టింది. తండ్రి గడిలో మా నాన్న ఉన్నాడు. మామ అని కొడితే, భర్త లేనిదే మామ ఎలా వచ్చాడని అడిగింది.

ఝాన్సీ చేతులు మీటల మీదనుంచి తీసి నా వంక చూసింది.

"ఒక్క గడే ఖాళీగా ఉంది పెద్దమ్మా. భర్త."

ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఝాన్సీకి తెలుసు. కొండయ్యకు పత్రం లేదు గనుక ఆయన్ను బతికినవాళ్ళలోనూ పెట్టలేదు, పోయినవాళ్ళలోనూ పెట్టలేదు. ఎప్పటికైనా పత్రం వస్తే ఆ గడిలో ఆయన పేరు రాయించాలని నేనే దాన్ని అట్లా ఉంచమన్నాను. ఝాన్సీకి ముందు పనిచేసిన ఇద్దరు ఒంటరి మహిళ అని నింపేస్తామంటే ఒప్పుకోలేదు.

మస్తాన్‌బీ నోరెత్తలేదు. ఆమె నోరెత్తకపోవడం నేను చూడటం అదే మొదలు. మిగతా నలుగురూ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. పొయ్యి చల్లబడి అప్పటికి మూడు వారాలు. హాస్టలు వార్డెను ఇంకో బేకరీని వెతుకుతోందని ఆ పొద్దునే విన్నాం.

"రాయి తల్లీ" అన్నాను.

బయటికి వచ్చాక మస్తాన్‌బీకి నోరు తిరిగొచ్చింది. "ఇన్నేళ్ళకు ఒక సంబంధం కుదిరింది ఆదెమ్మక్కా. అదీ పోయినోడితో" అంది. అని, నా చెయ్యి వదల్లేదు.

పోయినవాణ్ణి కార్డులో చేర్చరు. ముందు బతికున్నవాడుగా చేర్చాలి, తరవాత చంపుకోవాలి. బతికున్నాడని ఇంటికొచ్చి చూసి రాయాలి. సచివాలయం నుంచి చూడ్డానికి వచ్చినామె ప్యాకెట్టు వంక చూసింది, నా వంక చూసింది. లోపల ఒరయ్య ఉన్నాడంటే పొడి చెడినట్టు. లేడంటే చేర్చడానికి కుదరదు. మా ఊళ్ళో ఇంటి మగవాడు ఇంట్లో లేకపోతే పనికి పోయాడు అని రాసుకోవడం ఆనవాయితీ. సగం ఊరు మగవాళ్ళు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు, కార్డుల్లో మాత్రం ఇంట్లోనే ఉంటారు. ఆమె ఆనవాయితీ ప్రకారం రాసుకొని పోయింది. ఆ నెల నా కార్డు మీద ఒరయ్య వంతు బియ్యం కూడా ఇచ్చారు. సన్నవి, బాగున్నాయి.

నెల తిరగగానే మరణం నమోదుకు వెళ్ళాం. ఎట్లా పోయాడని కంప్యూటరు అడిగింది. వేడివల్ల అన్నాం. జాబితాలో వేడికి దగ్గరగా వడదెబ్బ ఒక్కటే ఉంది, అది పెట్టారు. వడదెబ్బ చావంటే మండలం నుంచి విచారణ తప్పదు. మర్నాడే ఒక అధికారి వచ్చి బేకరీ అరుగు మీద కూర్చున్నాడు. మృతుడు మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగేవాడా అని అడిగాడు. ఎండ ముఖమే ఎరగడని చెప్పాను. నీళ్ళు సరిగా తాగేవాడా అన్నాడు.

"నీళ్ళల్లోనే ఉండేవోడయ్యా" అన్నాను.

మృతుడు తగినన్ని నీళ్ళు పుచ్చుకొనెడివాడని భార్య వాంగ్మూలం, అని రాసుకున్నాడు. నీళ్ళు తాగమన్న ప్రభుత్వ ప్రచారం ఫలించింది గనుక ఇందులో శాఖ తప్పేమీ లేదని కింద ఇంకో వాక్యం చేర్చి వెళ్ళాడు.

పత్రం వచ్చింది. పచ్చటి కాగితం, పైన ముద్ర, కింద సంతకం. ఆస్పరి ఒరయ్య, పురుషుడు, నల్లమెట్ట నివాసి, మరణించెను. భార్య ఆదెమ్మ. నేను కూడబలుక్కొని మొత్తం చదివాను. మరణించెను అన్న మాట దగ్గర కొంతసేపు ఆగాను. ఎంత చిన్న మాట. దాన్ని రాయించడానికి ఒక బూజుకు రెండు నెలలు పట్టింది.

పరాంకుశం గారు పత్రాన్ని వెలుతురుకు పట్టి చూశారు. నిబంధన నెరవేరిందన్నారు. చనిపోయినవారు ఉత్పత్తిలో ఉండరు, ఉన్నా ప్రభుత్వం లెక్కలోకి రారు. మస్తాన్‌బీ సీలు పగలగొట్టడానికి సుత్తి తెచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"పత్రం ప్రకారం ఈ అమ్మగారింట్లో మరణం సంభవించినది. పదకొండో దినం వెళ్ళే వరకు ఆ ఇంటివారు వండినది ఇతరులు భుజించరాదు గదా. ఇది నా వ్యక్తిగత విశ్వాసం కాదు. విభాగంలో అందరి విశ్వాసం."

"మైలా?" అంది మస్తాన్‌బీ.

"పరిశుభ్రత" అన్నారాయన.

దినం చేశాం. వేరే దారి లేదు. ఊరి బయట వాగు ఒడ్డున ఇసుక చదును చేసి విస్తరాకు పరిచాం. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టాలి. ఒరయ్యకు ఏం ఇష్టమో కంపెనీ అమ్మాయిని అడిగితే గంజి, చక్కెర అంది. రెండూ పెట్టాం. పరాంకుశం గారు జీపు పక్కన నిలబడి చూస్తున్నారు, కాకి ముట్టిందీ లేనిదీ నమోదు చేసుకోవాలట.

నేను ఆ ఆకు పక్కన ఇంకో ఆకు పరిచాను. సంకటి ముద్ద, ఎండుచేపల పులుసు, ఒక బీడీ పెట్టాను. మా అత్త బతికున్నన్నాళ్ళూ కొడుకు వస్తాడనే అనేది, ఆయనకు దినం చెయ్యనివ్వలేదు. ఆమె పోయాక, శవమూ పత్రమూ లేనిదానికి ఏం దినమని కులపెద్దలు ఒప్పుకోలేదు. ఇప్పుడు పత్రం ఉంది.

"ఆ రెండవ ఆకు ఎవరిది?" అని పరాంకుశం గారు దూరంనుంచే అడిగారు.

నేను పులుసు ఒలకకుండా ఆకు అంచు మడిచాను.

"మా ఊళ్ళో కాకులు జాస్తి సార్" అంది మస్తాన్‌బీ.

కాకులు రెండాకులూ ముట్టాయి. ముందు ఏది ముట్టాయో ఆయన రాసుకున్నారో లేదో నాకు తెలియదు. నేను చూశాను.

మర్నాడు తెల్లవారక ముందే సీలు తీశాం. లోపల సాలెపురుగులు కాపురం పెట్టి ఉన్నాయి. వాటికి కార్డు ఉందేమో కనుక్కోమని మస్తాన్‌బీ అంది. పొయ్యి రాజుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మొదటి వాయి అడుగంటింది, రెండోది కుదిరింది. సాయంత్రం హాస్టలుకు బుట్టలు పోయాయి. అందరికంటే ఎక్కువ బన్నులు తిన్నది అయిదో తరగతి పిల్ల అని వార్డెను చెప్పింది. మదింపులో చెప్పిన అందరికంటే ఎక్కువ తినే మనిషి ఆ పిల్లే అయ్యుంటుంది.

ఆ తరవాత ఒకరోజు పిండి ముద్ద పొంగడానికి వదిలేసి, ఒక్కదాన్నే సచివాలయానికి వెళ్ళాను. పొయ్యి తెరిచారు, పని అయిపోయింది, ఇక ఒరయ్యను ఆ గడిలోనుంచి తీసెయ్యొచ్చు గదా అని అడిగాను. ఈ పత్రం పుట్టించిన దారినే కొండయ్యకూ ఒకటి పుట్టించవచ్చునేమో అని అడిగాను. ఇప్పుడు నాకు ప్రతి మెట్టూ తెలుసు. పనికి పోయాడు దగ్గర మొదలుపెట్టి వడదెబ్బ దాకా అన్నీ చెప్పగలను.

ఝాన్సీ చాలాసేపు వెతికింది. మీటలు నొక్కింది, పైఆఫీసుకు ఫోను చేసింది. ఫోను పెట్టేసి కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"తియ్యొచ్చంట పెద్దమ్మా. కానీ ఆయన పేరు తీసేస్తే ఆ చావు పత్రం చెల్లదు. పత్రం చెల్లకపోతే మళ్ళీ పొయ్యికి సీలేస్తారు." తెర మీద ఆ గడి చూపించింది. "ఆయన్ని ఉంచి, ఇంకొకాయన్ని రాయడానికి లేదు. ఆ గడిలో ఒక్కరికే చోటు."

ఝాన్సీ మంచినీళ్ళిచ్చింది. తాగాను. తీసెయ్యమంటారా అని ఆ పిల్ల అడగలేదు, నేనూ చెప్పలేదు. పిండి పొంగిపోతుంది, తొందరగా పోవాలని మాత్రం చెప్పాను.

ఇట్లు,
ఆస్పరి ఆదెమ్మ,
వయసు అరవై రెండు,
మహిళా సంఘం బేకరీ, వెనక గది,
నల్లమెట్ట.